పిల్లలకు అగ్నిపర్వతం సినిమా చూపించాలంటే లావాతో మొదలుపెట్టకండి

ములుగు వైపు ఒక జెడ్పీ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి సోషల్ చెబుతున్న మేడం అడిగిన ప్రశ్న ఇది. శిలావరణం పాఠంలో అగ్నిపర్వతాలు వచ్చాయి. తరగతిలో పెద్ద ప్యానెల్ ఉంది, యూట్యూబ్ నిండా వీడియోలు ఉన్నాయి. అందులో ఏవి చూపించాలి, ఎలా చూపించాలి? మన దగ్గర అగ్నిపర్వతమే లేనప్పుడు రెండు పీరియడ్లు దానికెందుకని హెడ్మాస్టర్ గారు అంటున్నారట. పిల్లలు మాత్రం 2024 డిసెంబర్ భూకంపం తర్వాత నుంచి "మన గుట్ట కూడా పేలుతుందా టీచర్" అని అడగడం మానలేదట.

నేను ముప్ఫై ఏళ్ల పైన వరంగల్, జనగామ, భూపాలపల్లి వైపు బడుల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. హనుమకొండ చౌరస్తాలో వీసీఆర్ కిరాయికి తీసుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని బడికి తీసుకెళ్లిన రోజులు చూశాను. తర్వాత సీడీలు, ప్రొజెక్టర్లు, ఇప్పుడు ప్యానెళ్లు. యంత్రాలు మారాయి కానీ నేను చేసిన తప్పులే ఇప్పటికీ బడుల్లో జరుగుతున్నాయి. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

మేడం, ముందు పిల్లల ప్రశ్నకు జవాబు చెప్పండి. ఆ భయం తీరకుండా ఏ సినిమా వేసినా వాళ్లు తెర మీద తమ గుట్టనే చూస్తారు. 2024 డిసెంబర్ 4 పొద్దున ఏడున్నరకు ములుగు జిల్లాలో వచ్చిన భూకంపం తీవ్రత 5.3. అది గోదావరి లోయలో భూమి లోపల ఉన్న పాత పగుళ్ల పని. దాని కింద మాగ్మా, అంటే భూమి లోపల కరిగిన రాయి, ఏమీ లేదు. మణుగూరు దగ్గర పగిడేరులో బోరులోంచి వేడి నీళ్లు వస్తాయి కదా అని ఎవడో ఒకడు తప్పకుండా అడుగుతాడు. భూమి లోపలికి పోయినకొద్దీ వేడి పెరుగుతుంది, బాగా లోతుకు పోయిన నీళ్లు కాగి పైకి వస్తున్నాయి, అంతే అని చెప్పండి.

ఇక గుట్టల సంగతి. ఇది చెబితే పిల్లల కళ్లు పెద్దవవుతాయి. వరంగల్ కోటలో ఉన్న ఏకశిల, హనుమకొండ పద్మాక్షి గుట్ట, మడికొండ మెట్టుగుట్ట, ఇవన్నీ ఒకప్పుడు కరిగిన రాయే. కాకపోతే అది బయటికి రాలేదు. భూమి లోపలే కొన్ని కిలోమీటర్ల లోతున మెల్లగా చల్లారి గట్టిపడింది. అది జరిగి సుమారు 250 కోట్ల ఏళ్లు. పైనున్న మట్టీ రాయీ కొట్టుకుపోయాక ఇప్పుడు మనకు కనబడుతోంది. అంటే ఓరుగల్లు అనే పేరులో ఉన్న ఆ 'ఒక్క కల్లు', అంటే ఒంటి రాయి, బయటపడలేకపోయిన మాగ్మా ముద్ద. అది పేలదు. నిజంగా బయటికి వచ్చి పారిన లావా కావాలంటే నిర్మల్, ఆదిలాబాద్ వైపు పోవాలి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ మీద పొరలు పొరలుగా పారిన నల్లరాయి అంచు అక్కడి దాకా వచ్చింది. ఆ రాయి అరిగి అరిగి అయిందే పత్తి పండే నల్లరేగడి. ఎనుమాముల మార్కెట్‌కు బండి తోలే రైతు బిడ్డకు అగ్నిపర్వతంతో సంబంధం లేదని ఎలా అంటాం?

మన దేశంలో ఇప్పటికీ బతికున్న అగ్నిపర్వతం ఒక్కటే, అండమాన్ సముద్రంలోని బారెన్ ద్వీపం. 1787లో అది పేలడం మొదటిసారి రాతకెక్కింది. చాలాకాలం నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది. అక్కడ మనుషులు ఉండరు. మ్యాపులో చూపించి వదిలేయండి.

ఇప్పుడు సినిమాల దగ్గరికి వస్తాను.

అసలు చిక్కు మన మాటలోనే ఉంది. అగ్నిపర్వతం అంటాం. అక్కడ అగ్ని లేదు, ఏదీ మండడం లేదు. రాయి కరిగి ఉంది, అందులో వాయువులు ఇమిడి ఉన్నాయి. పైన లేచేదాన్ని పొగ అంటాం, అది పొగ కాదు. రాలేదాన్ని బూడిద అంటాం, అది కట్టె కాలితే వచ్చే బూడిద కాదు. చిన్న చిన్న ముక్కలుగా పగిలిన రాయి, గాజు. రెండు మిల్లీమీటర్ల కంటే చిన్నవైతే దాన్ని బూడిద అంటారు. మన పిల్లలకు దీన్ని చెప్పడం సులభం. క్రషర్ పక్కన ఊళ్లలో పత్తి ఆకుల మీద పేరుకునే తెల్ల దుమ్ము చూడని వాళ్లెవరు? అదే దుమ్ము ఇంకా గరుకుగా, అంచులు పదునుగా, ఆకాశం నుంచి రోజంతా రాలితే ఎలా ఉంటుందో ఊహించమనండి.

ఈ మాట వల్లే పిల్లలూ, సినిమా తీసేవాళ్లూ ఎర్రటి లావా వెంట పడతారు. యూట్యూబ్‌లో వెతికి చూడండి, పైన కనబడే బొమ్మలన్నీ ఎర్రగానే ఉంటాయి. చూడ్డానికి బాగుంటుంది, నేను కాదనను. కానీ లావా చాలా చోట్ల మనిషి నడక కంటే మెల్లగా కదులుతుంది. ఇళ్లను, తోటలను మింగుతుంది. 2018లో హవాయిలో కిలవేయా లావా ఏడు వందల దాకా ఇళ్లను మింగింది. మనుషులు మాత్రం సామాన్లు సర్దుకుని తప్పుకున్నారు. ప్రాణాలు తీసేవి వేరే ఉన్నాయి. కొండ వాలు మీద దొర్లుకుంటూ వచ్చే వేడి బూడిద ప్రవాహం, బురద, సముద్రపు అల, కంటికి కనబడని వాయువు. వీటిలో ఏదీ ఎర్రగా ఉండదు. అన్నీ బూడిద రంగులో ఉంటాయి, లేదా అసలు కనబడవు. అందుకే వీడియో ఎంచుకునేటప్పుడు నా మొదటి లెక్క ఇది: లావాకు ఎన్ని నిమిషాలు ఇచ్చారు, బూడిదకూ బురదకూ ఎన్ని నిమిషాలు ఇచ్చారు అని చూస్తాను. రెండోది, తెర మీద ఊరి పేరు, తేదీ వేశారా లేదా. అవి లేని వీడియోను పక్కన పెడతాను. ఈ మధ్య కంప్యూటర్‌తో తయారు చేసిన దొంగ పేలుళ్లు మస్తుగా వస్తున్నాయి. పిల్లలు వాటినే ముందు చూసి వస్తారు. తేదీ, చోటు అడగడం నేర్పితే సగం దొంగవి అక్కడే దొరికిపోతాయి.

చప్పుడుతో కూడా పట్టుకోవచ్చు. దూరంగా కొండ పేలుతున్నట్టు కనబడి, అదే క్షణంలో ఢామ్మని వినిపిస్తే ఆ చప్పుడు తర్వాత అతికించినదే. మెరుపు తర్వాత ఉరుము వచ్చినట్టు పేలుడు కనబడ్డాక చప్పుడు రావాలి. 2014 ఆగస్టు 29న పపువా న్యూగినీలో తవుర్వుర్ పేలుతుంటే ఎవరో పడవలోంచి తీసిన వీడియో ఒకటి ఉంది. పేలుడు కనబడిన దాదాపు 13 సెకన్లకు చప్పుడు చేరుతుంది. పిల్లలతో సెకన్లు లెక్కపెట్టించి, చప్పుడు సెకనుకు పోయే 340 మీటర్లతో గుణించి పడవ ఎంత దూరంలో ఉందో కట్టించండి. నాలుగు కిలోమీటర్లకు పైన వస్తుంది. ఆ ఒక్క నిమిషం వీడియోతో సగం పీరియడ్ హాయిగా గడిచిపోతుంది, ఫిజిక్స్ సార్‌కు కూడా సంతోషం.

ఒక సినిమా పేరు చెప్పమంటే నేను ముందు చెప్పేది 'అండర్‌స్టాండింగ్ వోల్కానిక్ హజార్డ్స్'. నిడివి అరగంటలోపే. పాతది, బొమ్మ కొంచెం మసకగా ఉంటుంది, ఇంగ్లిష్ వ్యాఖ్యానం. అయినా దీనికి సాటి వచ్చేది నేను చూడలేదు. దాని కథే ఒక పాఠం.

1985 నవంబర్ 13న కొలంబియాలో నెవాడో డెల్ రూయిజ్ అనే మంచు కొండ పేలింది. పెద్ద పేలుడేమీ కాదు. కానీ వేడికి పైనున్న మంచులో కొంత భాగం కరిగి, మట్టినీ రాళ్లనూ కలుపుకుని వాగుల వెంట కిందికి దూకింది. రాత్రి తొమ్మిది దాటాక పేలితే, పదకొండున్నర ప్రాంతంలో ఆ బురద అర్మేరో అనే ఊరిని ముంచేసింది. కొండ నోటి నుంచి ఊరి దాకా వాగు వెంట బురద వచ్చిన దూరం 70 కిలోమీటర్ల పైనే. హనుమకొండ నుంచి కరీంనగర్ అంత దూరం. అంటే కొండ పేలిన తర్వాత కూడా రెండు గంటలకు పైగా టైం ఉంది, మన ఆర్టీసీ బస్సు అక్కడి నుంచి ఇక్కడికి వచ్చేంత టైం. పక్కనే ఎత్తు ప్రదేశాలున్నాయి, నడిచి ఎక్కగలిగినవే. ప్రమాదం ఎక్కడెక్కడికి రావచ్చో చూపే పటం అంతకు నెల ముందే తయారై ఉంది. 1845లో కూడా అదే చోట బురద వచ్చింది, ఆ పాత బురద మీదే ఊరు కట్టుకున్నారు. ఆ రోజు మధ్యాహ్నం ఊళ్లో బూడిద రాలింది. కంగారు పడొద్దు, ఇళ్లలోనే ఉండండి అన్నారు. వాన కురుస్తోంది, కరెంటు పోయింది, జనం పడుకున్నారు. మొత్తం 23 వేల మంది చనిపోయారు.

శాస్త్రజ్ఞులకు ఇది కత్తిపోటులా తగిలింది. ప్రమాదం తెలుసు, పటం ఉంది, టైం ఉంది. లేనిదల్లా చూసినవాడికి కళ్లకు కట్టేట్టు చెప్పే సాధనం. 'బురద ప్రవాహం' అన్న మాట విన్న మనిషి ఏమనుకుంటాడు? చెప్పులకు అంటుకునే బురద అనుకుంటాడు. ఇల్లంత బండలను దొర్లించుకు వచ్చే తడి సిమెంటు అనుకోడు. అందుకే అంతర్జాతీయ అగ్నిపర్వత శాస్త్రజ్ఞుల సంఘం ఒక చిన్న సినిమా కావాలనుకుంది. ఆ పని చేసింది ఫ్రాన్స్‌కు చెందిన మోరిస్ క్రాఫ్ట్, కాత్యా క్రాఫ్ట్. భార్యాభర్తలు. జీవితమంతా అగ్నిపర్వతాల వెంట తిరిగి చిత్రీకరించినవాళ్లు. ఆ సినిమాలో ఏడు రకాల ప్రమాదాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి: రాలే బూడిద, వేడి బూడిద ప్రవాహం, బురద ప్రవాహం, కొండచరియ కూలడం, సునామీ, లావా, వాయువులు. ప్రతిదానికీ అది కదిలే తీరు, ఆ తర్వాత ఊరికి అయ్యే గతి. సంగీతంతో భయపెట్టడాలు లేవు.

సినిమా పూర్తి రూపం రాకముందే, 1991 జూన్ 3న జపాన్‌లో ఉన్జెన్ దగ్గర అలాంటి వేడి బూడిద ప్రవాహాన్నే చిత్రీకరిస్తూ ఆ దంపతులు దానిలో చిక్కుకుని చనిపోయారు. వాళ్లతో కలిపి 43 మంది. సరిగ్గా అవే రోజుల్లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అనే కొండ లేస్తోంది. సుమారు ఐదు వందల ఏళ్లుగా పడుకున్న కొండ అది. అది అగ్నిపర్వతం అన్న సంగతే చాలామందికి తెలియదు. అక్కడి అధికారులకు, జనానికి ఆ సగం తయారైన సినిమానే వీడియో టేపుల మీద చూపించారు. వేడి బూడిద కొండ దిగి రావడం కళ్లారా చూశాక, ఖాళీ చేయమంటే ఎందుకంటున్నారో అర్థమైంది. జూన్ 15న పినటుబో పేలింది, ఇరవయ్యో శతాబ్దంలోని అతి పెద్ద పేలుళ్లలో ఒకటి. అప్పటికే వేల మందిని తరలించారు. కనీసం ఐదు వేల ప్రాణాలు దక్కాయని అంచనా. సినిమా ఒక్కదాని వల్లే అని నేను అనను. పరికరాలు పెట్టి రాత్రింబవళ్లు కొలిచినవాళ్లున్నారు, ప్రమాదాన్ని ఒకటి నుంచి ఐదు దాకా మెట్లుగా చెప్పిన పద్ధతి ఉంది. కానీ కొలతను నమ్మించిన వాటిలో ఆ టేపు ఒకటి.

అర్మేరో, పినటుబో. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెప్పండి మేడం, ఇంక వేరే అగ్నిపర్వతం అక్కర్లేదు. ఒక చోట చిన్న పేలుడుకు 23 వేల మంది, ఇంకో చోట ఎన్నో రెట్లు పెద్ద పేలుడుకు ఎనిమిది వందల పైచిలుకు. తేడా ఎక్కడొచ్చిందో పిల్లలనే చెప్పమనండి. పినటుబోలో పోయినవాళ్లలో కూడా చాలామంది పోయింది వేడికి కాదు. అదే రోజు తుఫాను వచ్చింది. రాలుతున్న బూడిద వానకు తడిసి బరువెక్కింది, ఇంటి కప్పులు కూలాయి. పది సెంటీమీటర్ల మందం బూడిద తడిస్తే చదరపు మీటరుకు వంద కిలోలు దాటుతుంది. రేకుల ఇంట్లో ఉండే పిల్లవాడికి ఈ లెక్క వెంటనే ఎక్కుతుంది. మా రేకుల మీద ఎన్ని మీటర్లు సార్, అని వాడే కొలుస్తాడు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. 2000 తర్వాత అనుకుంటా, ఒక బడిలో అర్మేరో మీద వేరే సినిమా వేశాను. ముందు నేను పూర్తిగా చూడలేదు. అందులో బురదలో నడుము దాకా ఇరుక్కుపోయిన పదమూడేళ్ల పాపను చాలాసేపు చూపిస్తారు. ఆ పాప మూడు రోజులు అలాగే ఉండి చనిపోయింది. ప్రపంచమంతా చూసిన దృశ్యం అది. మా ఎనిమిదో తరగతి ఆడపిల్లలు ఆ రోజు మధ్యాహ్న భోజనం ముట్టలేదు. ఒకమ్మాయి తర్వాత వారం రోజులు వాన పడితే బడికి రాలేదు. వాళ్లమ్మ వచ్చి నన్ను నిలదీసింది, నా దగ్గర సమాధానం లేదు. ఆ రోజు నుంచి ఏ వీడియో అయినా మొత్తం నేను రెండుసార్లు చూడకుండా పిల్లల ముందు పెట్టలేదు. మొదటిసారి విషయం కోసం, రెండోసారి చివరి బెంచీలో కూర్చున్న పిరికి పిల్ల కళ్లతో. శవాలు, ఏడుపులు అక్కర్లేదు. మునిగిన చర్చి గోపురం ఒక్కటి బురదలోంచి బయటికి కనబడితే చాలు, పిల్లలకు అర్థమవుతుంది.

రెండో తప్పు, అరగంట సినిమాను ఒకే ఊపులో వేయడం. చీకటి గది, తలుపులు మూసి, ముందు వరసలో ఈలలు, వెనక వరసలో నిద్ర. నాలుగైదు నిమిషాల ముక్క చాలు. మాట తీసేయండి. అవును, సౌండ్ మొత్తం బంద్. ఇంగ్లిష్ వ్యాఖ్యానం అర్థం కాని పిల్లవాడు బొమ్మ కూడా చూడడు. మీరే తెలుగులో చెప్పండి, మన ఊరి మాటల్లో. ఒగ్గు కథ చూశారు కదా, కథకుడు చెబుతుంటే పక్కవాడు "అట్లనా? మరి అప్పుడేమైంది?" అని అందుకుంటాడు. తరగతిలో వాగుడుకాయ ఒకడిని అలా పక్కన నిలబెట్టుకోండి. వాడు అడిగే ప్రశ్నలతో మీకు ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. నేనైతే ప్రవాహం ఊరి అంచుకు వచ్చే ముందు ఆపేస్తాను. "ఇప్పుడు నువ్వు ఆ ఊళ్లో ఉన్నావు, టైం తొమ్మిదిన్నర, బూడిద రాలుతోంది, రేడియో ఇంట్లోనే ఉండమంటోంది. ఏం చేస్తావ్?" అంటాను. జవాబులన్నీ బోర్డు మీద రాశాకే మిగతాది వేస్తాను.

బడిలో ప్యానెల్ ఉన్నా నెట్ నమ్మొద్దు. ముందు రోజే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. ఫాస్ట్ చేసి చూపించే వీడియోలతో జాగ్రత్త. కొన్నిటిలో గంటల సంగతిని నిమిషంలో చూపిస్తారు, కొన్నిటిలో సెకన్ల సంగతిని సాగదీస్తారు. పిల్లలకు వేగం మీద తప్పుడు అంచనా పడుతుంది. అదీకాక పెద్దది దూరం నుంచి ఎప్పుడూ మెల్లగా కదులుతున్నట్టే ఉంటుంది. వేడి బూడిద ప్రవాహం గంటకు వంద కిలోమీటర్లు దాటిపోతున్నా తెరమీద కాలీఫ్లవర్ ఉబ్బినట్టు తీరిగ్గా కనబడుతుంది. "పరిగెత్తొచ్చు కదా సార్" అని ప్రతి తరగతిలో ఒకరు అంటారు. అక్కడ ఆపి, కాజీపేట మీదుగా ఆగకుండా పోయే సూపర్‌ఫాస్ట్ రైలుతో పరుగు పందెం వేస్తావా అని అడగండి. పైగా దాని వేడి వందల డిగ్రీలు.

వాయువు సంగతి సినిమాలో చూపించడం కష్టం, కనబడదు కాబట్టి. దీనికి మన ఊరి అనుభవమే నయం. 1986 ఆగస్టు 21 రాత్రి కామెరూన్‌లో పాత అగ్నిపర్వతం నోట్లో ఏర్పడ్డ న్యోస్ అనే చెరువు అడుగున పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా పైకి పొంగి, లోయలోకి జారి, సుమారు 1,700 మందిని, వేల పశువులను నిద్రలోనే చంపేసింది. గాలి కంటే బరువైన వాయువు పల్లానికే పోతుంది. పాడుబడ్డ బావిలోకి దిగే ముందు మన పెద్దలు దీపం దించి చూసేవాళ్లు కదా. ఆరిపోతే దిగేవాళ్లు కాదు. అదే సంగతి అని ఒక్క మాట చెప్పండి, ఆ చెరువు ఫొటో ఒకటి చూపించండి, చాలు. సునామీకి కూడా ఎక్కువ టైం పెట్టొద్దు. 1883లో ఇండోనేషియాలోని క్రకటోవా పేలినప్పుడు పోయిన 36 వేల మందిలో ఎక్కువ మందిని చంపింది అలలే అని చెప్పి ముందుకు వెళ్లండి.

సైన్స్ ఫేర్‌లో వంటసోడా, వెనిగర్ పోసి నురగ పొంగించే మట్టి కొండ మాత్రం దయచేసి వద్దు. ఇది నా పంతం అనుకోండి. ఆ బొమ్మ చూసిన పిల్లవాడు అగ్నిపర్వతం అంటే నురగ అనుకుంటాడు. దానికంటే ఇంట్లో గట్క ఉడకడం చూసి రమ్మనండి. మరిగే నీళ్లలో బుడగ చప్పుడు లేకుండా పోతుంది. మక్క గట్క చిక్కబడ్డాక అదే బుడగ బయటికి రాలేక ఉబ్బి, పగిలి, మోచేతి మీద చిమ్ముతుంది. పల్చటి లావా ఎందుకు పారుతుంది, చిక్కటిది ఎందుకు పేలుతుంది అన్నదానికి ఇంతకంటే మంచి ప్రయోగం నాకు తెలియదు. ఒకసారి నేను ఇది చెప్పిన మర్నాడు సగం తరగతి చేతుల మీద బొబ్బలు చూపించింది, కాబట్టి దూరం నుంచి చూడమని కూడా చెప్పండి.

బూడిద ఎంత దూరం పోతుందో చెప్పడానికి కొత్త ఉదాహరణే ఉంది. 2025 నవంబర్ 23న ఇథియోపియాలో హైలీ గుబ్బి పేలింది. ఆ బూడిద ఎర్రసముద్రం దాటి, యెమెన్, ఒమన్ మీదుగా మర్నాటికే మన దేశం పైకి వచ్చింది, విమానాలు రద్దయ్యాయి. బూడిదకు విమానం ఎందుకు భయపడుతుందంటే, గాజు ముక్కలు ఇంజన్ వేడికి కరిగి లోపల అతుక్కుపోతాయి. 1982 జూన్ 24 రాత్రి ఇండోనేషియా మీద ఒక పెద్ద విమానానికి నాలుగు ఇంజన్లూ ఇలాగే ఆగిపోయాయి. చాలా కిందికి జారాక మళ్లీ అంటుకున్నాయి, అందరూ బతికారు. ఇంకా పాతది కావాలంటే మన తెలుగు నేలలోనే ఉంది. బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో మట్టి కింద తెల్లటి బూడిద పొర ఉంది. అది సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో టోబా పేలినప్పుడు వచ్చి పడింది. ఊరి పేరు జ్వాలాపురం కావడం కాకతాళీయమే, కానీ పిల్లలు నమ్మరు. నేనూ గట్టిగా వాదించను.

ఇక హెడ్మాస్టర్ గారి ప్రశ్న. మన దగ్గర అగ్నిపర్వతం లేదు, నిజమే. ఆయనకు మోరంచపల్లి గుర్తు చేయండి. 2023 జూలై 27 తెల్లవారుజామున మోరంచ వాగు పొంగి ఊరంతా మునిగింది. జనం మేడల మీదికి, చెట్ల మీదికి ఎక్కి అరిచారు, హెలికాప్టర్లు వచ్చి తీసుకెళ్లాయి. కొందరి ప్రాణాలు పోయాయి. అర్మేరో సినిమాలో చూసే రాత్రికీ ఆ తెల్లవారుజాముకూ పోలిక మీరు చెప్పనక్కర్లేదు. భూపాలపల్లి పిల్లలు వాళ్లంతట వాళ్లే చెబుతారు. నీళ్లకు బదులు బురద, వాగు పైన చెరువుకు బదులు మంచు కొండ. పైన ఏం జరిగిందో కిందివాళ్లకు ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, విన్నవాళ్లు ఎటు పోయారు, ప్రశ్నలు మాత్రం అవే.

అందుకే నేను సినిమా తర్వాత పరీక్ష పెట్టను, పటం గీయిస్తాను. మీ వాడ, వాగు, బడి, అన్నిటికంటే ఎత్తుగా ఉన్న చోటు. ఇంటి గడప నుంచి ఆ ఎత్తుకు ఎన్ని అడుగులో నడిచి లెక్కపెట్టి రమ్మంటాను, ఒకసారి ఒంటరిగా, ఒకసారి నాయనమ్మ చెయ్యి పట్టుకుని. మా చివరి బ్యాచ్‌లో ఒకమ్మాయి రెండు అంకెలూ రాసి, కింద ఇంకో వరస కలిపింది: 'బర్రెను విప్పడానికి ఎంతసేపు?' అని. ఆ వరస నా ప్రశ్నల్లో అంతకుముందు లేదు, తర్వాత అందరి పటాల్లో పెట్టించాను. దీనికి రెండో పీరియడ్ కావాలి మేడం, లెక్కల సార్‌ను ముందు రోజే అడిగి పెట్టుకోండి. శనివారం మధ్యాహ్నం అయితే ఎవరూ కాదనరు.